ఫెండర్ అమెరికన్ ప్రొఫెషనల్ 2 జాజ్ బేస్: ధరకు తగ్గ పనితనం ఉందా?

లక్షన్నర రూపాయలు దాటిన బేస్ గిటార్లన్నీ దుకాణం దీపాల వెలుగులో బాగానే కనిపిస్తాయి. ఆ ధరకు రంగు నున్నగా వేయడం, చెక్కను మెరిపించడం ఈనాడు ఏ కర్మాగారానికీ కష్టమైన పని కాదు. ఫెండర్ సంస్థ 2020లో విడుదల చేసిన అమెరికన్ ప్రొఫెషనల్ 2 జాజ్ బేస్‌ను వేర్వేరు చోట్ల, వేర్వేరు రంగుల్లో పట్టుకొని వాయించి చూసిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఇది బాగా తయారైన వాద్యమే గాని, ఇందులో ఏ పనికి డబ్బు చెల్లిస్తున్నామో తెలుసుకొని కొనవలసిన వాద్యం. సెటప్‌తో, అంటే తీగల ఎత్తు వంటివి సర్దడంతో, సరయ్యే లోపం కనిపిస్తే ఆ పని చేయించి ఇమ్మని దుకాణదారును అడగవచ్చు. సెటప్‌తో సరికాని లోపం కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా ఆ వాద్యాన్ని అక్కడే వదిలేయాలి. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడమే ఖరీదైన బేస్ కొనేవారికి అన్నిటికన్నా అవసరమైన నైపుణ్యం, కాబట్టి ఈ సమీక్ష ఆ క్రమంలోనే సాగుతుంది.

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను, 1960లో జాజ్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. రెండింటి స్కేల్ పొడవూ, అంటే మోగే తీగ పొడవూ, 34 అంగుళాలే, కాని జాజ్ బేస్ నెక్ (వేళ్లతో తీగలను నొక్కే పొడవాటి మెడ) దాని కొసన తీగలు ఆనే నట్ దగ్గర సన్నగా, 1.5 అంగుళాల వెడల్పుతో, అంటే 38.1 మిల్లీమీటర్లతో ఉంటుంది. అమెరికన్ ప్రొఫెషనల్ 2 కూడా ఆ కొలతనే పాటిస్తుంది. ఇది కాలిఫోర్నియాలోని కొరోనా కర్మాగారంలో తయారవుతుంది. ఇదే ఆకృతిలో తక్కువ ధరకు దొరికే ప్లేయర్ 2 జాజ్ బేస్ మెక్సికోలోని ఎన్సెనాడాలో తయారవుతుంది. ఇళయరాజా స్వరపరచిన పాటల్లో బేస్ గిటార్ గాయకుడి వెనుక ఒదిగి ఉండకుండా తన సొంత బాటలో నడవడం విని పెరిగిన మన శ్రోతలకు, ఈ వాద్యంలో ఒక్క స్వరం మందగించినా పాట ఎంత పలచబడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పరిశీలన ఎప్పుడూ నెక్‌తో మొదలుపెట్టాలి. సాధారణంగా వాడే 45 నుంచి 105 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే మందం) తీగల సెట్‌ను శ్రుతి చేసినప్పుడు నెక్ మీద పడే లాగుడు మొత్తం దాదాపు 75 నుంచి 80 కిలోల బరువుకు సమానం. ఒక మనిషి బరువును రాత్రింబవళ్లు మోస్తూ కూడా నిటారుగా నిలవవలసిన ఆ మేపుల్ కర్రలో ఉన్న నాణ్యతే వాద్యం ఆయుష్షును నిర్ణయిస్తుంది. బాడీని భుజం వైపు ఎత్తి పట్టుకొని, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలను బిగించే చోటు) వైపు నుంచి నట్ వైపుకు ఫింగర్‌బోర్డు (నెక్ ముందువైపు పలక) అంచు వెంబడి ఒక కన్ను మూసి చూడాలి. మందపు తీగ వైపు అంచూ, సన్నపు తీగ వైపు అంచూ ఒకే రకమైన చిన్న వంపుతో కనిపిస్తే మంచిదే. ఒక అంచు తిన్నగానూ మరొక అంచు వంగినట్టుగానూ కనిపిస్తే నెక్ మెలితిరిగిందని అర్థం. మెలితిరిగిన నెక్‌ను దాని లోపల ఉండే ట్రస్ రాడ్ సరిచేయలేదు, ఎందుకంటే ఆ ఉక్కు కడ్డీ నెక్‌ను ముందుకో వెనక్కో వంచగలదు తప్ప తిప్పిపెట్టలేదు. దుకాణదారు ఎంత నచ్చజెప్పినా ఈ లోపం ఉన్న బేస్‌ను తీసుకోకూడదు.

మెలిక లేదని తేలాక వంపు ఎంత ఉందో చూడాలి. ఎడమ చేతితో మందపు తీగను మొదటి ఫ్రెట్ (ఫింగర్‌బోర్డు మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గరా, కుడి చేతితో నెక్ బాడీతో కలిసే చోటా నొక్కి పట్టుకుంటే తీగే తిన్నని కొలబద్దలా పనిచేస్తుంది; అప్పుడు ఏడెనిమిది ఫ్రెట్ల ప్రాంతంలో తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలని ఫెండర్ సంస్థ సూచిస్తుంది. 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు మందపు వైపు సుమారు 2.4, సన్నపు వైపు సుమారు 2 మిల్లీమీటర్లు ఉండడం ఆ సంస్థ చెప్పే ప్రమాణం. దుకాణంలో ఈ కొలతలు ఇలాగే దొరకడం అరుదు, దొరకనంత మాత్రాన అది తయారీ లోపమూ కాదు. ఓడలోనో విమానంలోనో ఖండాలు దాటి వచ్చి, గోడకు నెలల తరబడి వేలాడిన వాద్యానికి సెటప్ చెదరడం సహజమే. అయితే ఇక్కడ అడిగి తీరవలసిన కోరిక ఒకటి ఉంది: ట్రస్ రాడ్‌ను దుకాణంలోని టెక్నీషియన్ చేతనే మన ముందు పావు చుట్టు అటూ ఇటూ తిప్పించి చూడాలి. కొత్త వాద్యంలోనే ఆ కడ్డీని బిగించే మర చివరిదాకా బిగిసిపోయి ఉంటే, రేపు వానాకాలంలో నెక్ ముందుకు వంగినప్పుడు బిగించడానికి ఇక చోటు ఉండదు. రెండు లక్షల రూపాయల దాకా ఖర్చు పెట్టబోయే కొనుగోలుదారుకు ఈ పరీక్ష చేయించి చూపడానికి వెనుకాడే దుకాణంలో కొనవలసిన అవసరం లేదు.

ఈ విషయంలో అమెరికన్ ప్రొఫెషనల్ 2కు ఉన్న బలం నిజమైనదే. దీని నెక్ లోపల ట్రస్ రాడ్‌తో పాటు పోసిఫ్లెక్స్ పేరుతో గ్రాఫైట్ కడ్డీలను కూడా అమర్చారు. తేమ మార్పులకు మేపుల్ స్పందించే తీరును ఇవి పూర్తిగా ఆపవు గాని, ఆ కదలికను తగ్గిస్తాయి. మే నెలలో హైదరాబాద్ ఎండకు పొడిబారి, జులై రాగానే తేమ పీల్చుకొని, మధ్యలో ఏసీ గదికీ వేదికకూ మధ్య తిరిగే వాద్యానికి ఇది అలంకారం కాదు, అవసరం. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్ర తీర పట్టణాల్లో ఉండేవారు నెక్ కదలిక కన్నా తీగల, స్క్రూల తుప్పు గురించి ఎక్కువ జాగ్రత్త పడవలసి ఉంటుంది.

నెక్ తరువాత ఫ్రెట్లు. జాజ్ బేస్‌కు 20 ఫ్రెట్లు, నాలుగు తీగలు, అంటే తెరిచిన తీగలు కాక 80 చోట్ల వేలు పెట్టి వినాలి. యాంప్లిఫయర్‌కు కలపకుండా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒకే బలంతో ఒక్కొక్క చోటా మీటి చూడడానికి పది నిమిషాలు కూడా పట్టదు. అయినా కొనేవారిలో చాలామంది తమకు వచ్చిన రెండు మూడు పాటలు వాయించి, ఎప్పుడూ వాయించే మొదటి ఐదు ఫ్రెట్ల దగ్గరే తిరిగి, తృప్తిగా బిల్లు కట్టేస్తారు. ఒకే చోట ఝుమ్మని తీగ కొట్టుకుంటే దాని పక్కనున్న ఫ్రెట్ ఎత్తుగా ఉందని అనుమానించాలి. చిన్న స్టీలు స్కేలు ముక్కను మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి ఊపి చూస్తే, మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నచోట అది టకటకా కదులుతుంది. ఒక ఫ్రెట్ ఎత్తుగా ఉండడం నిపుణుడి చేతిలో ఒక పూట పని. కాని 15వ ఫ్రెట్ దాటాక ఫింగర్‌బోర్డు చివర మొత్తం పైకి లేచినట్టు ఉంటే అది వేరే సంగతి: ట్రస్ రాడ్ ప్రభావం అక్కడిదాకా చేరదు కాబట్టి, ఫ్రెట్లను ఊడదీసి చెక్కను చదును చేయడమే దారి అవుతుంది. కొత్త వాద్యానికి అటువంటి శస్త్రచికిత్స చేయించుకోవడానికి ఎవరూ డబ్బు కట్టరు.

ఫ్రెట్ల కొనల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వాతావరణంలో కొనుగోలుదారులను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. చెక్క ఎండినప్పుడు పొడవునా కన్నా అడ్డంగా ఎక్కువగా కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. అందువల్ల పొడి గాలిలో ఉంచిన బేస్ నెక్ అంచు వెంట వేలు జరిపితే ఫ్రెట్ కొనలు గరుకుగా, ఒక్కోసారి గుచ్చుకునేట్టుగా తగులుతాయి. చౌక గిటార్లలో ఇది కర్మాగారంలోనే కొనలను సరిగా అరగదీయకపోవడం వల్ల వస్తుంది; ఖరీదైనవాటిలో ఎక్కువగా నిల్వ ఉంచిన చోటి పొడి గాలి వల్ల వస్తుంది. తేడా పట్టుకోవడానికి భూతద్దం చాలు: కొన గుండ్రంగా నునుపుగా ఉండి కేవలం బయటికి పొడుచుకు వచ్చి ఉంటే అది వాతావరణం పని, కొనలోనే ఆకురాయి గీతలు, పదును అంచులు ఉంటే అది కర్మాగారం పని. అమెరికన్ ప్రొఫెషనల్ 2లో ఫింగర్‌బోర్డు అంచులను బాగా వాడిన పాత వాద్యానికి అరిగినట్టు గుండ్రంగా చేస్తారు. నేను చూసిన నమూనాల్లో ఈ పని శ్రద్ధగా ఉంది, చేతికి మొదటి నిమిషంలోనే హాయి తెలుస్తుంది. అయితే 2024లో వచ్చిన ప్లేయర్ 2 శ్రేణిలోనూ అంచులను గుండ్రంగా చేయడం మొదలైంది కాబట్టి, ఈ ఒక్క సుగుణం కోసమే అమెరికన్ వాద్యానికి అంత ఎక్కువ చెల్లించే కారణం ఇప్పుడు కొంత బలహీనపడింది.

వేలితోనూ కంటితోనూ పట్టుకోలేని లోపం ఒకటుంది. చెవితో మాత్రమే దొరుకుతుంది. సన్నపు తీగ మీద, అంటే జి తీగ మీద, ఐదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఒక్కొక్క స్వరాన్నీ మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. బోల్టులతో బిగించిన నెక్ గల బేస్‌లలో చాలావాటికి ఈ ప్రాంతంలో ఒక స్వరం మిగతావాటి కన్నా తొందరగా చచ్చిపోతుంది. ఐదో ఫ్రెట్ దగ్గర ఆ స్వరం సెకనుకు సుమారు 131 కంపనాలు, ఏడో ఫ్రెట్ దగ్గర సుమారు 147. నెక్‌కు తనదైన సహజ కంపనం ఆ పరిధిలో ఉన్నప్పుడు తీగలో ఉన్న శక్తిని అది పీల్చుకొని తానే ఊగుతుంది. ఇది జాజ్ బేస్‌కు మాత్రమే ఉన్న జబ్బు కాదు, పొడవైన చెక్క నెక్‌ల స్వభావం. కాని దాని తీవ్రత ఒకే మోడల్‌లోని రెండు వాద్యాల మధ్య కూడా మారుతుంది. ఎందుకంటే రెండు మేపుల్ చెక్కలు ఒకలా ఉండవు. నెక్ కొసనున్న హెడ్‌స్టాక్‌కు ఒక చిన్న బరువును తగిలించి మళ్లీ వాయించండి. చచ్చిన స్వరం లేచి, దాని పక్క స్వరం కుంగితే, లోపం తీగలోనో ఫ్రెట్‌లోనో లేదని, నెక్ కంపనంలోనే ఉందని తేలిపోతుంది. అమెరికన్ ప్రొఫెషనల్ 2లో ట్యూనింగ్ కీలను తేలికగా చేయడం వల్ల భుజానికి సుఖం కలుగుతుంది గాని, హెడ్‌స్టాక్ బరువు మారితే ఈ స్వరం చోటూ మారుతుందని గుర్తుంచుకోవాలి. గ్రాఫైట్ కడ్డీలు ఉన్నా ఈ స్వభావం మాయం కాదు. నా దృష్టిలో, ఒకే రకానికి చెందిన రెండు బేస్‌లు ఎదురుగా ఉన్నప్పుడు రంగును బట్టి కాక ఈ మూడు ఫ్రెట్లను బట్టి ఎంచుకోవాలి.

నెక్‌ను బాడీకి బిగించిన చోట సందు కనిపిస్తే చాలామంది ఆందోళన పడతారు. ఒక కాగితం మందం సందు వల్ల స్వరానికి ఏమీ కాదు. చూడవలసింది కదలికను: బాడీని ఒడిలో ఉంచి హెడ్‌స్టాక్‌ను మెల్లగా పక్కకు నెట్టినప్పుడు టక్కుమన్న శబ్దం వచ్చినా, ఫింగర్‌బోర్డు అంచుకు మందపు తీగ ఎంత దూరంలో ఉందో సన్నపు తీగ అంత దూరంలో లేకపోయినా, నెక్ వంకరగా కూర్చుందన్నమాట. బోల్టులు వదులు చేసి నెక్‌ను జరిపి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. జాజ్ బేస్ నెక్ సన్నగా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా పై ఫ్రెట్లలో జి తీగ అంచు దాటి జారిపోతుంది. ఎర్నీ బాల్ మ్యూజిక్ మ్యాన్ వారి స్టింగ్‌రే స్పెషల్‌లో నెక్‌ను ఐదు బోల్టులతో బిగిస్తారు. రికెన్‌బ్యాకర్ 4003లో నెక్ చెక్క హెడ్‌స్టాక్ నుంచి బాడీ చివరి దాకా ఒకటిగా సాగుతుంది. చూడడానికి అది ఉన్నత శ్రేణి పనితనమే గాని, నెక్ చెడితే మార్చడానికి వీలుండదు. బోల్టు నెక్‌ను చవక పద్ధతిగా చూసేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

బ్రిడ్జ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తీగలను వెనుక నుంచి బాడీ గుండా గాని పైనుంచి గాని బిగించుకొనే వీలున్న బరువైన బ్రిడ్జ్ ఇది, స్క్రూలు గట్టిగా కదులుతాయి, కొట్టుకోవు. ట్యూనింగ్ కీలను తిప్పేటప్పుడు తిరుగుడు దిశ మార్చిన క్షణంలో ఖాళీగా తిరిగే భాగం ఉందేమో చూడాలి. ఎముకతో చేసిన నట్‌లో తీగ గాడులు లోతు చాలకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర స్వరం శ్రుతి మించి పలుకుతుంది. ట్యూనర్ పెట్టి తెరిచిన తీగనూ మొదటి ఫ్రెట్‌నూ పోల్చితే ఇది తెలిసిపోతుంది, గాడిని ఆకురాయితో లోతు చేయించుకోవడం పెద్ద ఖర్చు కాదు.

ఎలక్ట్రానిక్స్ దగ్గర జాజ్ బేస్ స్వభావం తెలియక తిట్టేవారిని తరచుగా చూస్తాను. తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట గల) పికప్‌లనూ సమానంగా పూర్తిగా తెరిచినప్పుడు ఒకదాని గూమును (కరెంటు రొదను) మరొకటి కొట్టివేస్తుంది. ఒక్క పికప్‌ను మాత్రమే తెరిస్తే మన 50 హెర్ట్జ్ కరెంటు సరఫరా గూము వినబడుతుంది. ట్యూబ్‌లైట్లు, నాసిరకం అడాప్టర్లు ఉన్న ఫంక్షన్ హాలులో అది మరీ ఎక్కువ. అది రూపకల్పనలోనే ఉన్న పరిమితి, తయారీ లోపం కాదు. తయారీ లోపం ఎలా ఉంటుందంటే, రెండూ పూర్తిగా తెరిచినా గూము తగ్గకపోవడం, తీగలను తాకితే గూము తగ్గవలసింది పోయి పెరగడం, నాబ్ తిప్పుతుంటే కరకర శబ్దం రావడం, కేబుల్ జాక్ వదులుగా తిరగడం. వీలైతే కంట్రోల్ ప్లేటు విప్పి చూపించమని అడిగితే లోపలి వైర్ల అమరిక, టంకం నాణ్యత కంటికే తెలుస్తాయి. గూమును ఏ మాత్రం సహించలేనివారికి స్టింగ్‌రేలోని హంబకర్ (గూమును రద్దుచేసే జంట చుట్టల పికప్) మంచి దారి, కాని అది బ్యాటరీలతో నడిచే ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే సర్క్యూట్) గల వాద్యం, దాని గొంతు కూడా వేరు.

చెక్క గురించి దుకాణాల్లో జరిగే సంభాషణకు నేను పెద్దగా విలువ ఇవ్వను. బాడీకి ఆల్డర్ చెక్క మంచిదా, యాష్ చెక్క మంచిదా అన్న వాదన కన్నా, ఈ ఒక్క బేస్ ఎంత బరువు ఉంది, స్ట్రాప్ వేసుకొని చేతులు వదిలేస్తే హెడ్‌స్టాక్ కిందికి వాలుతోందా అన్నదే రెండు గంటల కచేరీలో తేలే విషయం. జాజ్ బేస్‌లు నాలుగు కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగుతాయి. తూకం యంత్రం మీద పెట్టి చూడమని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు తీసుకునేవారు దాన్ని ఏడాదికి ఒకటి రెండు సార్లు తగిన నూనెతో తుడవాలి. మేపుల్ ఫింగర్‌బోర్డుకు పూత ఉంటుంది కాబట్టి నూనె అక్కరలేదు. నెక్ వెనుక పూసిన సాటిన్ పూత చెమట పట్టిన చేతికి అంటుకోదు, ఇది మన వేసవిలో నిజంగా సుఖాన్నిచ్చే అంశం. పై ఫ్రెట్లకు వెళ్లినప్పుడు నెక్ మడమ, అంటే నెక్ బాడీతో కలిసే మందపు భాగం, అరచేతికి అడ్డు తగులుతుందన్న ఫిర్యాదు జాజ్ బేస్ మీద ఎప్పటినుంచో ఉన్నదే, పై స్వరాలలో సోలోలు వాయించేవారు దీన్ని తప్పక పరీక్షించుకోవాలి.

అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకొనే అలవాటు మన కుటుంబాల్లో ఎక్కువ. ధరలో కొంత మిగులు ఉండవచ్చు, కాని కస్టమ్స్ సుంకం కట్టవలసి వస్తుందని, చేతితో పరీక్షించి ఎంచుకొనే అవకాశం పోతుందని, వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలని గుర్తుంచుకోండి. అక్కడి దుకాణాలు చాలావరకు ఒక్కొక్క వాద్యానికీ విడిగా ఫోటోలు, బరువు, సీరియల్ నంబర్ ఇస్తాయి, వాటిని అడిగి తెప్పించుకోండి. గట్టి కేసులో వచ్చిన బేస్‌ను ఇల్లు చేరిన రోజే ట్రస్ రాడ్ తిప్పకుండా, గది గాలికి అలవాటు పడేందుకు కొన్ని రోజులు వదిలేసి అప్పుడు సెటప్ చేయించాలి.

నేను ఇస్తున్న తీర్పు ఈ విధంగా ఉంటుంది. వారానికి రెండు మూడు కచేరీలు, రికార్డింగులు ఉండి, ఏటా మూడు కాలాల మార్పులో ఒకే నెక్ మీద ఆధారపడవలసిన వృత్తి కళాకారులకు అమెరికన్ ప్రొఫెషనల్ 2 ధర సమర్థించుకోదగినదే. నెక్ బలం, ఫ్రెట్ల పని, అంచుల నునుపు, గట్టి కేసు అన్నీ కలిపి ఆ డబ్బులో ఎక్కువ భాగం పనితనంలోనే కనిపిస్తుంది. ఇంట్లో సాధన చేస్తూ నెలకోసారి వేదిక ఎక్కేవారు మాత్రం ప్లేయర్ 2ను పై పరీక్షలన్నిటితో ఎంచుకొని, ఫ్రెట్లను సమం చేయించి, నట్‌ను సరిచేయించి, మిగిలిన డబ్బును ఒక మంచి యాంప్లిఫయర్‌కు పెట్టడం మేలు. రెండు సందర్భాల్లోనూ మొదట చూపిన వాద్యాన్నే తీసుకోకుండా, అదే రకం మరొకటి గోదాములో ఉంటే దాన్ని కూడా తెప్పించి పక్కపక్కన పెట్టి వాయించమని అడగండి.